గోరంత రెక్క

మంచు విరిగి తొమ్మిది రోజులు.
వేనెర్న్ సరస్సు మీద పొద్దున్నే పొగ,
ఒడ్డున రాళ్ళ సందుల్లో ఇంకా కరగని మురికి ముద్దలు.

పడవ పెదనాన్నది. మోటారు మా నాన్నది.
ఒకటి లేకుండా ఇంకోటి కదలదు కాబట్టి
ఇద్దరూ వస్తారు.

పద్నాలుగు అడుగుల అల్యూమినియం డొప్ప.
అమరంలో మోటారు పిడి పట్టుకుని మా నాన్న ఆల్రిక్, ముఖం ముందుకి.
నడిమి బల్ల మీద గాలపు కర్రల్ని కాస్తూ పెదనాన్న సీగ్వార్డ్, ముఖం వెనక్కి.
అంటే పొద్దస్తమానం
ఒకరి ముఖం ఒకరు చూస్తూనే కూర్చోవాలి,
ఆరేళ్ళుగా మాటల్లేని అన్నదమ్ములు.
నేను అణియంలో, ఒళ్ళో చిక్కం.
నాకు కనిపించేది ఒకరి వీపు, ఒకరి చూపు.

నానమ్మ పోయాక పైన్ తోపు దగ్గర వచ్చింది తగువు.
ఒకరు అమ్మేద్దామన్నారు, ఒకరు వద్దన్నారు.
ఇప్పుడా తోపూ లేదు,
తగువు మాత్రం మోడై నిలబడి ఉంది.

పడవ మాటలు మాటల లెక్కలోకి రావట.
"ఎడమకి."
"నెమ్మది."
"నాచు చుట్టుకుంది."
మిగతావన్నీ నా మీదుగా పోవాలి.
"టీరా, మీ నాన్నకి చెప్పు, పెట్రోలు వాసనొస్తోందని."
పెదనాన్న మోకాలికి మూరెడు దూరంలో ఉన్న మా నాన్నకి
నేను చెప్తాను.

వెనక ఆరు దారాలు,
నీళ్ళలో గొర్రు తోలుతున్నట్టు బారులు తీరి.
వాటి చివర రాగి చెంచాలు, ఎక్కడో చీకట్లో
దెబ్బతిన్న పరిగెల్లా పొర్లుతూ.
మనిషి నడకంత వేగం, అంతే.
పెరిగితే చెంచా వెర్రెత్తి గిర్రున తిరుగుతుంది,
తగ్గితే నిద్రపోతుంది.
మా నాన్న మణికట్టుకి తెలుసు ఆ మధ్య ఉన్నది.

ఐదింటి నుంచి పదకొండు దాకా ఏమీ లేదు.
ఫ్లాస్కులో కాఫీ. రాయైపోయిన ఏలకుల బన్ను.
నా వేళ్ళు ఎవరివో నాకు తెలియలేదు.

కుడి చివరి కర్ర ఒక్కసారి తలూపి
విల్లయింది.
చక్రం కీచుమంది.
పెదనాన్న కర్ర అందుకునేలోపే
మా నాన్న మోటారు తగ్గించి ముక్కు తిప్పేశాడు,
ఎవరూ చెప్పకుండానే.
మిగతా ఐదు దారాలూ నేను చుట్టాను, చిక్కులతో సహా.
ఇరవై నిమిషాలు.
అది అడిగితే ఆయన వదిలాడు, అది అలిస్తే ఆయన చుట్టాడు,
ఆ బేరం నాకేమీ అర్థం కాలేదు.

పక్కకి తేలింది.
వెండి మీద మిరియాలు చల్లినట్టు చుక్కలు.
ముగ్గురం ఒక్కచోటే చూశాం,
వీపు చివర, తోకకి కాస్త ముందు.
పెంచి వదిలిన చేపకి అక్కడ కత్తిరించేసి ఉంటుంది,
దాన్ని ఇంటికి తీసుకుపోవచ్చు.
దీనికి ఉంది
గోరంత రెక్క, ఎముకైనా లేని మెత్తని తునక.
క్లారెల్వెన్ నదిలో గులకరాళ్ళ మధ్య తనంతట తాను పుట్టింది.
మనది కాదు.

చిక్కం నీళ్ళలోనే ఉంచమన్నారు.
పెదనాన్న గాలం విప్పి తోక మొదలు పట్టుకున్నాడు,
మా నాన్న వంగి పొట్ట కింద అరచెయ్యి పెట్టాడు.
ఇద్దరూ ఒకే పక్కకి ఒరిగితే
పడవ ఊరుకుంటుందా,
నేను గబుక్కున అటు చివరికి జరిగి కూర్చున్నాను.
మొప్పలు ఒకసారి. ఆగి, ఇంకోసారి.
ఒక్క తోపుతో ఇద్దరి మొహాల మీదా నీళ్ళు కొట్టి పోయింది.

"తొమ్మిది కిలోలు," అన్నాడు మా నాన్న, నా వైపు చూడకుండా.
"ఏడు."
"తొమ్మిది."
"నీకు తూకం ఎప్పుడు తెలిసింది గనక?"

ఇది పడవ మాటో కాదో
నాకింకా తేలలేదు.

రేవులో మా నాన్న మోటారు మరలు విప్పుకున్నాడు.
పెదనాన్న పడవని ట్రైలరు మీదికి లాక్కున్నాడు.
ఎప్పటిలాగే ఎవరిది వాళ్ళు.
చిక్కానికి ఒక పొలుసు అంటుకుని ఉంది, నేను చెప్పలేదు.
కారు కదిలి, ఆగి, అద్దం దిగింది.
"ఏడే," అన్నాడు.

చంకలో మోటారుతో, చినుకులు కారుతూ,
మా నాన్న చాలాసేపు అలాగే నిలబడ్డాడు.
బరువు దించమని నేనూ అనలేదు.